నిజాంపట్నం బురదలో మందు దొరుకుతుందా? ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు సలహా కావాలి

తెనాలి_సుధ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక కాలేజీలో ఎం.ఫార్మసీ చదువుతున్నాను. వచ్చే నెలలో ప్రాజెక్టు టాపిక్ ఇవ్వాలి. మా సీనియర్లందరిదీ వేప, తులసి, ఉసిరి, మునగాకు. ఆకు ఎండబెట్టు, మిథనాల్‌లో నానబెట్టు, రెండు రకాల బ్యాక్టీరియా మీద వేసి జోన్ (బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం) కొలువు, బైండింగ్ చేయించు. నాకు అది చేయబుద్ధి కావడం లేదు.

సముద్ర జీవుల నుంచి మందులొచ్చాయని క్లాసులో ఒక్క పేరా చెప్పి వదిలేశారు. మనకు సూర్యలంక ఉంది, రేపల్లె దాటితే నిజాంపట్నం ఉంది. స్పాంజీలనే సముద్ర జీవుల్ని తెచ్చి పని చేస్తానని గైడ్ గారితో అంటే నవ్వారు. "గిన్నెలు తోముకునేదా అమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు.

సీరియస్‌గా అడుగుతున్నా. ఇది అయ్యే పనేనా? నా చేతిలో ఉన్నవి తొమ్మిది నెలలు, ఒక ఇంక్యుబేటర్, ద్రావకాన్ని ఆవిరి చేసే రోటరీ ఎవాపరేటర్, అదీ వారంలో మూడు రోజులు అలుగుతుంది.

కొత్తపేట_మందులషాపు | సోమవారం, రాత్రి 9:40

అమ్మా, ముప్పై ఏళ్లుగా కొత్తపేటలో షాపు నడుపుతున్నా. సముద్రం నుంచి వచ్చిన మందు అని నేను అమ్మింది చేపనూనె గోలీలే. మునగాకు చేసుకో, డిగ్రీ చేతికొస్తుంది, ఉద్యోగం చూసుకో. ఏమీ అనుకోకు, మా అమ్మాయికైనా ఇదే చెప్తా.

బ్రాడీపేట_బాబాయి | సోమవారం, రాత్రి 10:25

షాపు గారూ, మీరు రోజూ సెఫిక్సిమ్ యాంటీబయాటిక్ అమ్ముతారా లేదా? సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఎన్ని పోతాయి? ఆ వంశానికి మూలపురుషుడు సముద్రపు ఒడ్డునే దొరికాడు.

ఇటలీలో సార్డీనియా దీవి, కాల్యారి ఊరు. జుసెప్పే బ్రోట్సు అనే ప్రొఫెసర్ 1945లో అక్కడి మురుగు కాలువ సముద్రంలో కలిసేచోట నీళ్లు తెచ్చి పరీక్షించాడు. అంత మురుగు కలుస్తున్నా ఆ నీళ్లు తమను తామే శుభ్రం చేసుకుంటున్నట్టు ఆయనకు అనిపించింది. ఆ నీళ్లలో ఒక బూజు దొరికింది. టైఫాయిడ్ క్రిమిని కూడా ఆపింది. తన దగ్గర డబ్బూ లేదు, పరికరాలూ లేవు. ఆ బూజును ఆక్స్‌ఫర్డ్ పంపించాడు. అక్కడ దాన్లోంచి సెఫలోస్పోరిన్ సి తీశారు. మీ షాపులో "సెఫ్" అని మొదలయ్యే డబ్బాలన్నీ దాని మనవలూ మునిమనవలే.

కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరయ్యాను. మా ఇంట్లో నా మాట వినేవాళ్లు లేరు కాబట్టి ఇక్కడ చెప్తున్నా.

కృష్ణలంక_చంటి | సోమవారం, రాత్రి 10:31

మురుగు కాలువ అయితే సముద్రం దాకా ఎందుకు బాబాయ్ గారూ, మా బందరు కాలువ ఉందిగా. నోబెల్ గ్యారంటీ 😀

పటమట_కల్యాణి | మంగళవారం, ఉదయం 7:05

సుధా, నేను సహజ పదార్థాల కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పని చేస్తున్నా. మా పుట్టిల్లు పటమట. నీ ప్రశ్న మంచిదే, ఎంచుకున్న జీవి మాత్రం తప్పు. ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది.

స్పాంజీకి కాళ్లు లేవు, కోరలు లేవు, గుల్ల లేదు. ఉన్నచోటు నుంచి కదలలేదు. కొరకడానికి వచ్చేవాణ్ని, పక్కన ఇల్లు కట్టుకుందామని వచ్చేవాణ్ని రసాయనంతోనే తరమాలి. వదిలిన రసాయనం క్షణాల్లో నీళ్లలో కలిసి పలచబడుతుంది కాబట్టి పిసరంత ఉన్నా పని చేసేంత ఘాటుగా ఉండాలి. మందుగా ఆశ పెట్టేది ఆ ఘాటే. మన కొంప ముంచేదీ అదే, ఎందుకంటే జీవి దాన్ని పిసరంతే తయారు చేస్తుంది.

జపాన్‌లో హిరాటా, ఉయెమురా అనే శాస్త్రవేత్తలు 1980లలో ఒక నల్ల స్పాంజీని 600 కిలోలు పోగు చేశారు. అందులోంచి వచ్చిన హాలికాండ్రిన్ బి ఎంతో తెలుసా? 12.5 మిల్లీగ్రాములు. ఆవగింజలు నాలుగైదు తూకం వేసుకో, అంత. అది క్యాన్సర్ కణాలను అద్భుతంగా చంపింది. కానీ రోగులకు సరిపడా తేవాలంటే సముద్రాన్ని గీకేయాలి. 1992లో హార్వర్డ్‌లో కిషి బృందం ఆ అణువును ల్యాబ్‌లోనే మొత్తం కట్టింది. కట్టేటప్పుడు తెలిసింది, అణువులో సగమే పని చేస్తోందని. ఆ సగాన్ని కొంచెం మార్చి ఎరిబులిన్ అనే మందు చేశారు, 2010లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. ఫ్యాక్టరీలో దాన్ని చేయడానికి అరవై పైగా మెట్లు. స్పాంజీ దొరికిన రోజుకీ రోగి చేతికి సీసా వచ్చిన రోజుకీ మధ్య పాతికేళ్లు.

నీకున్నవి తొమ్మిది నెలలు.

తెనాలి_సుధ | మంగళవారం, ఉదయం 8:20

అక్కా, మొదటి మూడు పేరాలకు ఉత్సాహం వచ్చింది, చివరి లైన్‌కి టెన్షన్ వచ్చింది.

హార్బర్_యేసుబాబు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

మాది నిజాంపట్నం. నాన్న బోటు సరంగు, నేను డిగ్రీ అయ్యాక ఐస్ ఫ్యాక్టరీ లెక్కలు చూస్తున్నా. మేడమ్ గారూ, మా దగ్గర స్పాంజీలు ఆశించకండి. కృష్ణ తెచ్చి పోసిన బురదే అంతా. వలలో రొయ్య, పీత, చేప, చెత్త, ప్లాస్టిక్. స్పాంజీ పట్టుకోవడానికి అడుగున రాయి ఉండాలంట కదా? మా వైపు రాయెక్కడిది? వైజాగ్ వైపు రాళ్లున్నాయి. రామేశ్వరం, తూత్తుకుడి వైపు చాలా ఉంటాయని అక్కడ పని చేసొచ్చిన కలాసీలు చెప్తారు.

ఇంకొకటి. సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు, పగడాలు ఏవైనా వలలో పడితే దాచుకోకూడదు, కేసవుతుంది. ప్రాజెక్టు కోసమే అన్నా ఫారెస్టు వాళ్లు వినరు. మడ అడవిలోకి వెళ్లాలన్నా వాళ్ల పర్మిషన్ కావాలి.

బురద కావాలంటే మాత్రం ఎంతైనా ఇస్తాం, ఫ్రీ.

పటమట_కల్యాణి | మంగళవారం, సాయంత్రం 6:48

యేసుబాబు గారూ, మీరు నవ్వుతూ అన్నారేమో గానీ నేను చెప్పబోయేది అదే. బురద!

సుధా, ఈ రంగంలో మెల్లగా బయటపడిన సంగతి ఒకటుంది. మందు ఏ జీవిలో దొరికిందో, దాన్ని వండింది ఆ జీవే కానక్కర్లేదు. హిందూ మహాసముద్రంలో సముద్రపు కుందేలు అనే నత్తలాంటి ప్రాణి ఉంది. దాంట్లో డోలాస్టాటిన్ 10 దొరికింది, 1987లో దాని నిర్మాణం చెప్పారు. తీరా చూస్తే అది తినే నీలి ఆకుపచ్చ నాచులాంటి బ్యాక్టీరియాలో అదే పదార్థం! నత్త దాన్ని తిని ఒంట్లో దాచుకుంటోంది. ఆ అణువు తమ్ముణ్ని ఒక యాంటీబాడీకి తగిలించి చేసిన బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్‌కు 2011లో హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్‌కి అనుమతి ఇచ్చారు.

ట్రాబెక్టెడిన్ అనే క్యాన్సర్ మందు కథా అంతే. కరీబియన్‌లో మడ చెట్ల వేళ్లకు వేలాడే ఒక జీవిలో దొరికింది. దాన్నీ వండేది లోపల కాపురముండే బ్యాక్టీరియానే. ఇప్పుడు కంపెనీ ఆ జీవి జోలికే వెళ్లదు. వేరే బ్యాక్టీరియాను ట్యాంకుల్లో పెంచి, అది ఇచ్చిన పదార్థాన్ని కొన్ని మెట్లలో మార్చి మందు చేస్తుంది.

కాబట్టి వంటవాణ్నే పట్టుకో. సముద్రపు అడుగు మట్టిలో ఆక్టినోమైసీట్స్ అనే బ్యాక్టీరియా ఉంటాయి. నేల మీది వాటి బంధువులే స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఇచ్చాయి. అమెరికాలో ఫెనికల్ అనే శాస్త్రవేత్త బృందం బహమాస్ దగ్గర సముద్రపు మట్టిలో సాలినిస్పోరా అనే కొత్త జాతిని పట్టింది. దానికి ఉప్పునీళ్లు లేకపోతే పెరుగుదలే లేదు. అందులో దొరికిన సాలినోస్పోరమైడ్ ఎ మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. మెదడు క్యాన్సర్ మీద చివరి దశలో మాత్రం ఆయుష్షు పెంచలేకపోయింది. ఇలాంటివి ఈ రంగంలో చాలా చూస్తాం.

బెంజిసర్కిల్_ప్రవీణ్ | మంగళవారం, రాత్రి 8:02

ఒక డౌట్. ఇప్పుడు కంప్యూటర్లోనే కోట్ల అణువులు గీసి చూస్తున్నారు కదా. ఇంకా బురద పిసుక్కోవడం ఎందుకు?

అలాగే మా పిన్నికి ఎవరో సొరచేప ఎముక పొడి క్యాప్సూల్స్ ఇచ్చారు. సొరకి క్యాన్సర్ రాదంట, అందుకని. వాడొచ్చా?

పటమట_కల్యాణి | మంగళవారం, రాత్రి 8:30

రెండోదే ముందు. సొరచేపలకు క్యాన్సర్ వస్తుంది, కణితులు నమోదయ్యాయి. సొర మృదులాస్థి నుంచి తీసిన సారాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 379 మందిపై పరీక్షించారు. 2010లో ఫలితం అచ్చయింది. మామూలు చికిత్సకు అది అదనంగా చేసిందేమీ లేదు. పిన్ని గారు ఏదైనా చికిత్సలో ఉంటే ఆ క్యాప్సూల్స్ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. సముద్రం పేరు చెప్పి అమ్మేదీ, సముద్రంలో దొరికి పరీక్షలన్నీ దాటి వచ్చిందీ ఒకటి కాదు.

మొదటిదానికి: కంప్యూటర్ గీసేది మనకు తెలిసిన పోకడల్లోనే. హాలికాండ్రిన్ లాంటిదాన్ని ముందు చూడకుండా ఏ కెమిస్టూ ఊహించి ఉండడు. మా ల్యాబ్‌లో కంప్యూటర్ బాగా వాడతాం, కానీ దొరికింది పాతదా కొత్తదా తేల్చుకోవడానికి.

బెంజిసర్కిల్_ప్రవీణ్ | మంగళవారం, రాత్రి 8:41

ఓకే. పిన్నికి చెప్తా. వినదు, అయినా చెప్తా.

మంగళగిరి_వాణి | మంగళవారం, రాత్రి 11:50

ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. మా తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్, ఏఎంఎల్ అన్నారు. ఐదు రోజులుగా సైటరబిన్ ఎక్కిస్తున్నారు. పక్క బెడ్ వాళ్లబ్బాయి ఫోన్‌లో చూసి అది సముద్రపు స్పాంజీతో చేస్తారు అన్నాడు. అప్పట్నుంచి మా అమ్మకి అదొక దిగులు, జీవిని చంపి తీసిన మందు అని, మా ఇంట్లో గుడ్డు కూడా తినరు. నిజమేనా?

బ్రాడీపేట_బాబాయి | బుధవారం, ఉదయం 5:30

అమ్మా వాణీ, అమ్మగారికి ధైర్యంగా చెప్పు. ఆ సీసాలో స్పాంజీ లేదు. ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసిందే.

జరిగింది ఇది. వెర్నర్ బెర్గ్‌మాన్ అనే ఆయన ఫ్లోరిడా తీరంలో ఒక స్పాంజీ తెచ్చి చూస్తే, మన డీఎన్ఏలో ఉండే ఇటుకల లాంటివే ఉన్నాయి, కాకపోతే చక్కెర భాగం వేరే. డీఆక్సీరైబోజు ఉండాల్సిన చోట అరబినోజు. 1950ల మొదట్లో ఆ సంగతి ప్రకటించాడు. అది చూసి కెమిస్టులు "ఓహో, ఇలా కూడా చేయొచ్చా" అనుకుని 1959లో సైటరబిన్‌ను తామే తయారు చేశారు. 1969లో అనుమతి వచ్చింది. స్పాంజీ ఇచ్చింది ఆలోచన మాత్రమే.

పని చేసే పద్ధతీ సులువే. క్యాన్సర్ కణం ఆబగా డీఎన్ఏ కట్టుకుంటూ పోతుంది. మధ్యలో ఈ దొంగ ఇటుక పెడతాం. దాని మీద తర్వాతి వరస సరిగా నిలవదు, కట్టుబడి ఆగిపోతుంది.

ఇలా కణాన్ని మోసం చేసి బ్లడ్ క్యాన్సర్‌ను లొంగదీయవచ్చని అంతకు ముందే చూపించిన వాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందును ఫార్బర్ అనే అమెరికా డాక్టరు పిల్లలకిచ్చి 1948లో ఫలితం అచ్చు వేశాడు. ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు.

తమ్ముడి పేరు అడగను. మా ఇల్లు ఆసుపత్రులకు దగ్గరే, భోజనం క్యారియర్ కావాలంటే మొహమాటపడకుండా మెసేజ్ పెట్టు.

మంగళగిరి_వాణి | బుధవారం, ఉదయం 9:14

అమ్మకి చదివి వినిపించాను బాబాయి గారూ. "దొంగ ఇటుకా" అని మూడు రోజుల తర్వాత నవ్వింది.

కొత్తపేట_మందులషాపు | బుధవారం, ఉదయం 10:02

సైటరబిన్ నేనే ఎన్నిసార్లు ఇచ్చానో లెక్కలేదు. దాని వెనక ఇంత కథ ఉందని ఈ రోజే తెలిసింది. ముందు చెప్పిన మునగాకు సలహా వెనక్కి తీసుకుంటున్నా.

కృష్ణలంక_చంటి | బుధవారం, ఉదయం 10:10

స్క్రీన్‌షాట్ తీశాను సార్ 😀

తెనాలి_సుధ | బుధవారం, రాత్రి 9:30

గైడ్ గారికి బురద అన్నాను. ఈసారి నవ్వలేదు. "పరికరాలెక్కడివి?" అన్నారు. నిజమే కదా, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ మా దగ్గర కలలో కూడా లేదు.

పటమట_కల్యాణి | బుధవారం, రాత్రి 10:15

మీ గైడ్ గారికి బాల్డొమెరో ఒలివెరా గురించి చెప్పు. అమెరికాలో డీఎన్ఏ మీద పెద్ద పని చేసి ఫిలిప్పీన్స్ తిరిగెళ్లాడు. అక్కడ ల్యాబ్‌లో ఆ పనికి పరికరాలే లేవు. ఏముంది మన దగ్గర అని చూస్తే విషపు శంకు నత్తలు. వాటి మీద పడ్డాడు. తర్వాత అమెరికాలోని యూటా వెళ్లాక ఆయన ల్యాబ్‌లో మైకేల్ మెకింతోష్ అనే కుర్రాడు, అప్పటికి డిగ్రీ పిల్లాడు, ఒక నత్త విషంలోంచి 25 అమైనో ఆమ్లాల గొలుసును వేరు చేశాడు. నొప్పి కబురు వెన్నుపాములో ముందుకు పోకుండా కాల్షియం ద్వారాన్ని మూసేస్తుంది అది. జికోనొటైడ్ పేరుతో 2004లో అనుమతి వచ్చింది. మార్ఫిన్‌లా రోజురోజుకీ మోతాదు పెంచాల్సిన అలవాటు పడదు. కాకపోతే పంపుతో నేరుగా వెన్ను ద్రవంలోకి పంపాలి, కొందరికి మతిభ్రమ లాంటి ఇబ్బందులు వస్తాయి. అందుకే ఏ మందూ పని చేయని నొప్పులకే వాడతారు.

సరే, పనిలోకి. మట్టిని నీడలో ఆరబెట్టు, తర్వాత 55, 60 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచు. తొందరగా పెరిగే గుంపు చాలావరకు చస్తుంది, ఆక్టినోల బీజాలు బతుకుతాయి. పెంచడానికి స్టార్చ్ కేసీన్ అగర్ అనే మీడియా, సగం సముద్రపు నీళ్లతో. బూజు ఆపడానికి నిస్టాటిన్. 28 డిగ్రీలు. మూడు నాలుగు వారాలు ప్లేట్లు ముట్టుకోకు, ఎండిపోకుండా చుట్టూ చుట్టిపెట్టు. చాలామంది మూడో రోజు చూసి ఏమీ రాలేదని పారేస్తారు. మా జూనియర్లు ఇద్దరు అలాగే పారేశారు, నాకిప్పటికీ కడుపుమంట.

ఒక జాగ్రత్త, ఇది పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఉప్పునీళ్లలో పెంచినదాన్ని మిథనాల్‌తో తీస్తే ఉప్పు కూడా వస్తుంది. ఆ ఉప్పే కణాలను చంపుతుంది, నువ్వు మందు దొరికిందని స్వీట్లు పంచుతావు. ఇథైల్ అసిటేట్‌తో తియ్యి. ఏమీ పెంచని ఖాళీ మీడియాను కూడా అలాగే తీసి పక్కన పెట్టి పోల్చు. ఆ ఖాళీదానికీ జోన్ వస్తే మొత్తం తూచ్.

మాస్ చూపించే పని నాకు వదిలెయ్. మూడు మంచి శాంపిల్స్ వస్తే చాలు. పేటెంట్ దాకా వెళ్తే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ దగ్గర నమోదు చేయించాలి. విదేశాల్లో ఎవరికైనా శాంపిల్ పంపాలన్నా ముందు వాళ్లనే అడగాలి.

హార్బర్_యేసుబాబు | గురువారం, ఉదయం 6:20

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లు కట్టేస్తారు. ఈలోపే చూసుకోండి. ఎనిమిది, పది బారల లోతులో వల లాగినప్పుడు పలకలకి అంటుకుని పైకొచ్చే బురద ఉంటుంది, మడ అడవి జోలికి వెళ్లక్కర్లేదు. నాన్నకి చెప్పాను. "బురదకి కూడా చదువులొచ్చాయా" అన్నాడు గానీ తెస్తానన్నాడు.

తెనాలి_సుధ | ఆదివారం, సాయంత్రం 5:45

వెళ్లొచ్చాను! తెనాలిలో రేపల్లె రైలెక్కి, అక్కడి నుంచి బస్సు. యేసుబాబు గారి నాన్నగారు బోటు దిగుతూనే ఒక డబ్బా చేతిలో పెట్టారు. నల్లటి మెత్తటి బురద, కుళ్లిన గుడ్డు వాసన. బస్సులో పక్కనామె సీటు మారిపోయింది. వాళ్లింట్లో పీతల పులుసు తిన్నాను, ప్రాజెక్టు ఎలా ఉన్నా అది మాత్రం సక్సెస్.

పటమట_కల్యాణి | ఆదివారం, సాయంత్రం 6:10

ఏ డబ్బా?

తెనాలి_సుధ | ఆదివారం, సాయంత్రం 6:12

ఆవకాయ డబ్బా అక్కా. కడిగారంట.

పటమట_కల్యాణి | ఆదివారం, సాయంత్రం 6:13

అయ్యో రామా. స్టెరైల్ సీసా అని వేరే చెప్పాలా? సరే, డబ్బా గోడలకు తగలని మధ్య భాగం నుంచి తీసుకో. ట్రయల్‌గా వాడు, రికార్డులో నిజం రాయి.

బ్రాడీపేట_బాబాయి | ఆదివారం, సాయంత్రం 7:00

కారానికి తట్టుకున్న బ్యాక్టీరియా అంటే గుంటూరుదే, అనుమానం లేదు.

తెనాలి_సుధ | ఇరవై నాలుగు రోజుల తర్వాత, ఉదయం 8:05

ఎవరైనా ఉన్నారా? పన్నెండు ప్లేట్లలో ఐదు బూజు పట్టాయి, రెండు పగుళ్లొచ్చి ఎండిపోయాయి. మిగతావాటిలో మూడింట్లో గట్టిగా, సున్నం చుక్కల్లా, బూడిద రంగు కాలనీలు వచ్చాయి. లూప్‌తో గీకితే రావడం లేదు, అగర్‌లోకి పాతుకున్నాయి. మూత కొంచెం తెరిస్తే మొదటి వానకి వచ్చే మట్టి వాసన. గైడ్ గారు కూడా వాసన చూశారు! ఇవేనా అక్కా?

పటమట_కల్యాణి | ఉదయం 8:30

ఆ వాసన, ఆ పాతుకోవడం, రెండూ ఆక్టినోల లక్షణాలే. ఎగిరి గంతేయకు, నేల మీద నుంచి కొట్టుకొచ్చిన మామూలు స్ట్రెప్టోమైసిసే కావచ్చు. ఒక్కోదాన్ని రెండు ప్లేట్ల మీద గియ్యి, ఒకటి సముద్రపు నీళ్లతో, ఒకటి కుళాయి నీళ్లు కాచి. ఉప్పులేని దానిమీద పెరగనిది ఏదైనా ఉంటే నాకు వెంటనే ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే. శాంపిల్ ఇంకోసారి తేవాలి, ఈసారి పద్ధతిగా.

మంగళగిరి_వాణి | ఉదయం 9:40

సుధా, కంగ్రాట్స్. తమ్ముడు నిన్న ఇంటికొచ్చాడు, వచ్చే వారం మళ్లీ రెండో విడత.

హార్బర్_యేసుబాబు | ఉదయం 11:20

బురద ఇంకో రెండు ట్రిప్పుల్లో తేగలం, తర్వాత బోట్లు ఆపేస్తారు. సీసాలు మీరే తెచ్చుకోండి మేడమ్. ఆ ఆవకాయ డబ్బా ఇంకా తిరిగి రాలేదని అమ్మ రోజూ అడుగుతోంది.